భావనపాడు వెరిఫికేషన్

పలాసలో నగరేశ్వరరావు కొట్టుకు ఒకసారి వెళ్లినవాళ్లు రెండోసారి వెళ్లరు. ధర ఎక్కువ, జీడిపప్పు పాతది, మాట పెళుసు. ఆయనకు కావలసిందీ అదే. బేరాలు తక్కువైతే, గుమ్మం తొక్కేది ఎవరో కనిపెట్టడం తేలిక.

ఆ ఉదయం నేతచీర కట్టుకుని, మెడలో ఆఫీసు ఐడీ కార్డు వేసుకున్న ఒక యువతి కొట్టు మెట్లెక్కింది.

“గుండుపప్పు ఉందా, బద్దేనా?”

“గుండంతా వైజాగ్ పోయింది. బద్దుంది. కొంచెం వాన వాసన.”

“వాన వాసనే కావాలి.”

కోడ్ కలిసింది. నగరేశ్వరరావు గల్లాపెట్టెకు తాళం వేసి లోపలి గదిలోకి నడిచాడు. అక్కడ బస్తాలు పక్కకు జరిపితే గోడ నిండా మ్యాప్. బారువ నుంచి భీమిలి దాకా తీరం. భావనపాడు దగ్గర ఎర్రటి గుండుసూది.

పలాసకు ఆయన జీడిపప్పు కోమటి. ఢిల్లీకి ఇంటెలిజెన్స్ కోస్టల్ డెస్క్ చీఫ్. ఎదురుగా నిలబడ్డ యువతి ఆయన ఏజెంట్ ఉష. కానీ నాలుగు నెలలుగా ఆమె పేరు పద్మకుమారి. తుపాను బాధితులకు సాయం చేసే ‘తీరమిత్ర’ అనే సంస్థకు నౌపడ ఫీల్డ్ ఆఫీసులో అడ్మిన్ అండ్ ఫైనాన్స్ మేనేజర్. కవర్ స్టోరీ ప్రకారం పెళ్లి కాలేదు, పిల్లల్లేరు.

నిజానికి కొత్తవలసలో ఆమెకు ఏడాది నిండని కూతురుంది. రైల్వేలో పనిచేసే భర్త వెంకటేష్, భార్య ఆడిట్ డ్యూటీలో ఉందనే నమ్ముతున్నాడు. ఆదివారం ఆదివారం ‘హెడ్ ఆఫీసు పని’ అని చెప్పి ఉష రైలెక్కి వెళ్లి పిల్లకు పాలిచ్చి వస్తుంది. సోమవారం నుంచి శనివారం దాకా పిల్ల డబ్బా పాలు తాగుతుంది, తల్లి అబద్ధాలు తాగుతుంది.

“పెట్టెలు ఎందుకు ఆపావు?” అడిగాడు చీఫ్.

దాత సంస్థ ఒకటి విదేశం నుంచి పంపిన ప్రాణరక్ష పెట్టెలవి. నారింజ రంగువి. పడవలో పెట్టుకుంటే ప్రమాదంలో సిగ్నల్ పంపుతాయట. వాటి వెనక ఉన్నది ‘పగడం’ అనే విదేశీ గూఢచారి ముఠా అని డెస్క్ అనుమానం. నెల రోజులుగా అవి నౌపడ స్టోర్‌లో పడి ఉన్నాయి.

“మూడు కొటేషన్లు లేవు సార్. టెస్ట్ సర్టిఫికెట్ లేదు. అడ్మిన్ మేనేజర్‌గా నేను రిలీజ్ ఆర్డర్ మీద సంతకం పెట్టలేను.”

“నువ్వు అడ్మిన్ మేనేజర్‌వి కావమ్మా.”

ఉష తల దించుకుంది. నిజమే. కానీ దొంగ ఉద్యోగాన్ని నిజంగా చేయడం ఎప్పుడు మొదలైందో ఆమెకే తెలియదు. జీపు లాగ్‌బుక్, జనరేటర్ డీజిలు, స్టాఫ్ సెలవులు, వోచర్లు... ఒక్క వంకర కనిపిస్తే రాత్రి నిద్ర పట్టేది కాదు. ఇంట్లో చేయలేకపోతున్న సంసారం ఆఫీసులో చేస్తున్నట్టుండేది.

చీఫ్ క్లుప్తంగా చెప్పాడు. పగడంలో మనకు ఒక సోర్స్ ఉంది. దీపిక. తీరమిత్ర ప్రోగ్రామ్ డైరెక్టర్. ఆమె రిపోర్టు ప్రకారం ఆ పెట్టెల్లో ఉన్నవి చెవులు మాత్రమే. మన కొత్త సబ్‌మెరైన్ ట్రయల్స్‌కు ఈ తీరం పక్కనుంచే వెళ్తుంది. దాని చప్పుడు పడవల కింద నుంచి రికార్డు చేసి పంపాలని వాళ్ల ప్లాన్. పెట్టెలు బయటికి వెళ్లనిస్తే, ఆ సిగ్నల్ ఏ ఓడ అందుకుంటోందో మనం పట్టుకోవచ్చు.

“పడవల్లో మనుషులుంటారు సార్.”

“వినే యంత్రాలమ్మా అవి, కరిచేవి కావు. ఎర వేయనిదే చేప రాదు.”

ఎరకు కూడా ప్రాణం ఉంటుంది కదా అనబోయింది ఉష. నౌపడ వెళ్లి సంతకం పెట్టింది.

పంపిణీ రోజున భావనపాడు ఒడ్డున షామియానా వేశారు. దీపిక హైదరాబాద్ నుంచి వచ్చింది. నల్లకళ్లద్దాలు నెత్తిమీదికి తోసుకుని, సముద్రపు గాలిని కూడా ఓడించే సెంటుతో, బెంగాలీ కాటన్ చీరలో ఆమె జీపు దిగితే పడవల మీద మగాళ్లు తాళ్లు ముడేయడం మరిచిపోయారు. రెండు నిమిషాలు తియ్యగా మాట్లాడి కూర్చుంది. తరవాత మైకు ఉష చేతికొచ్చింది.

చేసిన సంతకం లోపల గుచ్చుతోంది. ఆ గుచ్చుడు బయటికి కనపడకుండా ఉష గొంతు కఠినం చేసుకుంది. ప్రతి పెట్టె మీదా సంస్థ నంబరు స్టిక్కర్ ఉంటుంది. ఇది మీ ఆస్తి కాదు, సంస్థ అసెట్. ఎప్పుడు పడితే అప్పుడు వెరిఫికేషన్‌కు వస్తాం. స్టిక్కర్ ఊడినా, పెట్టె మీద ఉప్పు మరక కనిపించినా, పెట్టె కనపడకపోయినా వచ్చే సాయం లిస్టులో ఆ ఇంటి పేరుండదు. నిజమైన అడ్మిన్ మేనేజర్ కూడా అంత గట్టిగా చెప్పి ఉండదు. ఆడవాళ్లు నోళ్లు తెరుచుకుని విన్నారు.

అంతా అయ్యాక గున్నమ్మ దగ్గరికొచ్చింది. ఆమె రోజూ నౌపడ ఆఫీసుకు చేపల గంప తెచ్చే మనిషి. ఉషకు తినడానికి తీరిక లేదని తెలిసి, ముళ్లు తీసిన కూర గిన్నెలో విడిగా పెట్టి తెచ్చేది. ఆమె భర్త జోగయ్యకు సొంత పడవ. ఇంట్లో కూతురు, అప్పుడప్పుడే పాకుతున్న మనవరాలు.

“పద్మమ్మా, మా ఆయన ఇలాటివి నమ్మడు. ఫ్రీగా వచ్చింది సముద్రంలో పనికి రాదంటాడు. నువ్వు సెప్పు. నమ్మొచ్చేటి?”

ఒక్క క్షణం ఆలస్యమైంది. దీపిక నల్లకళ్లద్దాలు కిందికి దించుకుని ఇటే చూస్తోంది.

“నమ్మొచ్చు,” అంది ఉష.

ఆ మాట నెలన్నర పాటు ఆమెతో పాటే పడుకుంది, ఆమెతో పాటే లేచింది. గాలి పెరిగిన రోజున జోగయ్య పడవ గుర్తొచ్చేది. గున్నమ్మ తెచ్చిన కూర నోట్లో పెట్టుకుంటే ముల్లు లేకపోయినా గొంతులో దిగేది కాదు. ఫోన్‌లో పిల్లకు జ్వరమని అత్తగారు చెప్పిన రోజున, ఇది ఆ మాట తాలూకు ఉసురేనని కూడా అనుకుంది. చదువుకున్నదాన్ని ఇలా అనుకోకూడదని తరవాత అనుకుంది.

నెలన్నర తరవాత ఒక మధ్యాహ్నం బస్సు పార్సిల్‌లో జీడిపప్పు సంచి వచ్చింది. సంచి అడుగున ఒక కాలిక్యులేటర్, చెవిలో పెట్టుకునే చిన్న గుండీ, ఒక చీటీ: ‘గుండు బయల్దేరింది. విను.’

సబ్‌మెరైన్ ఆ రోజే కదిలిందన్నమాట. కాలిక్యులేటర్ నిజానికి రిసీవర్. ఏ పెట్టె నంబరు నొక్కితే ఆ పెట్టె ఏం పంపుతోందో వినిపిస్తుంది. ఉష తలుపు దగ్గరగా వేసి, కొంగు చాటున గుండీ చెవిలో పెట్టుకుని, ముందుగా జోగయ్య పెట్టె నంబరు నొక్కింది. జోగయ్య తెల్లవారుజామునే సముద్రం మీదికి పోయాడని గున్నమ్మ పొద్దున చెప్పింది. అలల చప్పుడు వినిపిస్తుందని ఊపిరి బిగబట్టింది.

మిక్సీ చప్పుడు వినిపించింది.

తరవాత టీవీ సీరియల్లో ఎవరో అత్తగారు ఏడుస్తోంది. ఆ ఏడుపు మీదుగా గున్నమ్మ గొంతు: “ఒసే, పచ్చట్లో ఉప్పేసినావా నేదా, నాను సచ్చాక ఏత్తావేటి?”

ఉష ఇంకో నంబరు నొక్కింది. ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. ఇంకొకటి. కోడి కూసింది. ఇంకొకటి. నిద్రలో ఎవరో ముసలాయన గురక. ఏ పెట్టెలోనూ సముద్రం లేదు.

అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఉప్పు మరక పడకూడదన్న పెట్టెను సముద్రం మీదికి ఎవరు తీసుకెళ్తారు? స్టిక్కర్ ఊడితే పేరు పోతుందని ఒక్కొక్కరూ పెట్టెను తువ్వాల్లో చుట్టి అటక మీదా, దేవుడి గూట్లో, మంచం కిందా దాచుకున్నారు. మగాళ్లు ఎప్పటిలాగే ఉత్త చేతుల్తో వేటకు పోతున్నారు. ప్రాణం కాపాడడానికి ఇచ్చిన పెట్టె ప్రాణాన్ని సముద్రానికి వదిలేసి ఇంట్లో తన స్టిక్కర్‌ను కాపాడుకుంటోంది.

నవ్వొచ్చింది. ఈ ఉద్యోగంలో చేరాక మొదటిసారి, జోగయ్య పడవలో ఆ పెట్టె లేదన్న నవ్వు. అంతలో చెవిలో గున్నమ్మ మనవరాలు ఏడుపు లంకించుకుంది. ఆకలేడుపు. ఉషకు రొమ్ములు చేపుకొచ్చి జాకెట్టు తడిసింది. గబగబా కొంగు నిండుగా కప్పుకుంది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. సెంటు వాసన ముందుగా లోపలికొచ్చింది.

“ఆ గుండీ తీసెయ్, ఉషా. నేనూ అదే వింటున్నాను.”

దీపిక చేతిలో ట్యాబ్ ఉంది. రెండో చేతిలో వ్యానిటీ బ్యాగు, బ్యాగు నోట్లోంచి చిన్న పిస్తోలు మూతి.

ఆమె కూర్చుని కాలు మీద కాలు వేసుకుని చెప్పింది. నెలన్నరగా అవతలి దేశంలో నిపుణులు ఆ పెట్టెల్ని వింటున్నారు. గున్నమ్మ తిట్లను కోడ్ అనుకుని ముగ్గుర్ని పెట్టి విప్పించారు. ఒకడికి పిచ్చెక్కినంత పనైంది. ఈ రోజు సబ్‌మెరైన్ పక్కనుంచే పోయింది, వాళ్లకు వినపడింది మాత్రం పచ్చడి రుబ్బుడు.

“నిన్ను తక్కువ అంచనా వేశాను. పెట్టెల్ని ఇళ్లలో పెట్టించడం గొప్ప ఐడియా.”

అది ఐడియా కాదు, అడ్మిన్ జబర్దస్తీ అనుకుంది ఉష.

“నువ్వు మన సోర్స్‌వి అన్నారు.”

“మీ చీఫ్ అనుకున్నాడు. నీ అసలు పేరు నాకు చెప్పింది కూడా ఆయనే. నేను ఇద్దరి దగ్గరా జీతం తీసుకుంటాను. ఎక్కువ ఇచ్చేవాళ్ల పని ముందు చేస్తాను.” దీపిక ట్యాబ్ మీద గోరు ఆనించింది. “మీ చీఫ్‌కు ఒక సంగతి చెప్పలేదు. పెట్టెల్లో చెవులే కాదు, నిప్పు కూడా ఉంది. పని చెడితే ఆనవాలు మిగలకూడదు. ఇనుము కరిగే వేడి. నొక్కాక అరగంట టైమ్, నేను హైవే ఎక్కడానికి.”

“ఇళ్లలో పసిపిల్లలున్నారు దీపికా.”

“నేను సముద్రంలో ఉంటాయనుకున్నాను. ఇళ్లల్లోకి చేర్చింది నువ్వు.”

గోరు కదిలింది. తెర మీద అంకెలు వెనక్కి నడవడం మొదలుపెట్టాయి. ఇక దాన్ని ఆపే మీట లేదని దీపికే చెప్పి లేచింది. పిస్తోలు పూర్తిగా బయటికొచ్చింది.

ఉష వెనక గోడకు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ వేలాడుతోంది. ఫీల్డ్ ఆఫీసుల్లో అవి అలంకారానికి ఉంటాయని దీపిక నమ్మకం. కానీ పోయిన వారమే ఉష దాన్ని పట్టుబట్టి రీఫిల్ చేయించింది. ఒక్క లాగుకు తెల్లటి పొడి గదంతా కమ్మేసింది. పిస్తోలు పేలి సీలింగ్ ఫ్యాన్ రెక్క వంగింది. ఉష సిలిండర్‌తోనే ఆ మణికట్టు మీద కొట్టి, దగ్గుతున్న దీపికను జుట్టు పట్టి స్టోర్ గదిలోకి నెట్టింది. ఆ తలుపుకు రూలు ప్రకారం రెండు తాళాలు. రెండూ వేసింది.

చీఫ్‌కు ఫోన్ చేసింది. ఆయన వైజాగ్ నుంచి బాంబ్ స్క్వాడ్ రావాలంటే సాయంత్రమవుతుందని, దీపికను తన మనుషులు చూసుకుంటారని, కవర్ మాత్రం చెడగొట్టవద్దని చెప్పాడు. ఉష ఫోన్ పెట్టేసింది. ఆఫీసు జీపు తనే తోలుకుంటూ, లాగ్‌బుక్‌లో రాయకుండా మొదటిసారి బయల్దేరింది.

ఉప్పు మడుల మధ్య రోడ్డు మీద జీపు ఎగిరెగిరి పడుతోంది. మడుల్లో తెల్లగా ఉప్పు కుప్పలు. ఉష కళ్లకు అవి శవాల మీద కప్పిన గుడ్డల్లా కనిపించాయి. కొత్తవలసలో ఈ వేళకు తన పిల్ల ఉయ్యాల్లో ఉంటుంది. ఆ ఉయ్యాల కింద ఎవరైనా ఒక నారింజ పెట్టె పెట్టి, నమ్మొచ్చు అని చెప్తే? యాక్సిలరేటర్ ఇంకా గట్టిగా తొక్కింది.

భావనపాడులో మొదట కనిపించింది కూర్మమ్మ. గుమ్మంలో కూర్చుని వల కుడుతోంది. ఉష ఉన్నదున్నట్టు చెప్పింది. పెట్టెలో మందుగుండుంది, ఇప్పుడే తెచ్చి సముద్రంలో పారెయ్యి అంది.

కూర్మమ్మ నవ్వింది. “మాకు తెల్దేటి మేడమ్, పరీచ్చ సేస్తన్నారు. పారేస్తే పేరు కొట్టేద్దురు. మా పెట్టి బంగారం లాగున్నాది.”

ఎంత చెప్పినా నమ్మలేదు. పక్కింటామె కూడా అదే అంది. ఇంకో ఇంటామె లోపలికెళ్లి తలుపు గడియ వేసుకుంది. తన నోటి మాట ఎంత బలంగా నాటుకుందో ఉషకు అప్పుడు తెలిసింది. అబద్ధానికి వచ్చిన నమ్మకంలో వీసమెత్తు కూడా నిజానికి రావడం లేదు.

చేపల వేలంపాట జరిగే షెడ్డులో మైకు ఉంది. ఉష పరుగెత్తి మైకు అందుకుంది. గొంతు సరిచేసుకుని, పంపిణీ రోజున మాట్లాడిన ఆ గొంతును మళ్లీ తెచ్చుకుంది.

“తీరమిత్ర ఆఫీసు నుంచి. సర్‌ప్రైజ్ వెరిఫికేషన్. ప్రతి ఇంటివాళ్లూ పెట్టెతో వెంటనే ఒడ్డుకు రావాలి. ఆలస్యమైతే లిస్టులో పేరుండదు.”

ఊరు ఊరంతా కదిలింది. పొయ్యి మీద కూర పొయ్యి మీదే వదిలేసి, తడి జుట్టుతో, చంకలో పిల్లలతో ఆడవాళ్లు ఇసకలో పరుగు తీశారు. తువ్వాళ్లలో, పాత చీర ముక్కల్లో, ఒకామె అయితే కూతురి పట్టు లంగాలో చుట్టి తెచ్చింది. కొన్నింటికి పసుపు పూసి బొట్లు పెట్టారు. ప్రతి పెట్టె మీదా స్టిక్కర్ మెరుస్తోంది. ఉష వాళ్ల ముఖాల్లోకి చూడలేకపోయింది.

“అల తగిలే చోట వరసగా పెట్టండి. అలాగే. ఇప్పుడు అందరూ వెనక్కి, ఆ సరుగుడు తోట దాకా. ఫొటోలో పెట్టె ఒక్కటే పడాలి. మనిషి నీడ పడినా ఫొటో రిజెక్ట్ అవుతుంది.”

నీడ కూడా పడకూడదని వాళ్లు తోట దాటి మరీ నిలబడ్డారు. ఉష వరస వెంట పరుగెత్తింది. స్టిక్కర్ నంబర్లు చూసుకుంటూ పోతే ఒక నంబరు తక్కువైంది.

జోగయ్య పెట్టె లేదు. గున్నమ్మ కూడా లేదు.

జోగయ్య ఇల్లు ఒడ్డుకు దగ్గరే. కూతురు పెట్టె సంగతి తెలియనట్టు తోటలో నిలబడి గోళ్లు కొరుక్కుంటోంది. ఉష ఇంటి తలుపు తోసింది. గడియ వేసి ఉంది. భుజంతో గుద్దితే ఊడొచ్చింది. లోపల మూల చీకట్లో గున్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లో మనవరాలు. వెనక చీర చాటున పెట్టె.

“గున్నమ్మా, పెట్టె ఇచ్చెయ్.”

“నేదమ్మా. మా ఆయన పట్టుకెళ్లినాడు.”

“నీ వెనకే ఉంది.”

గున్నమ్మ ఏడుపు మొదలెట్టింది. తప్పు తనది కాదంది. వెరిఫికేషన్ అనగానే తుడుద్దామని పెట్టె కిందికి దించి, గుడ్డ కోసం లోపలికెళ్లి వచ్చేసరికి ఈ గుంట స్టిక్కర్ పీకి నోట్లో ఎట్టుకున్నాదంది. గంజితో అతికిద్దామంటే ముక్కలైపోనాదంది. “పేరు తీసీకమ్మా. నీకు దండం ఎడతాను.”

గోడ గడియారం ప్రకారం ఇంకా కొద్ది నిమిషాలే మిగిలాయి. పెట్టె లాక్కుందామని చేయి చాపితే గున్నమ్మ దాన్ని కావిలించుకుంది. పసిపిల్ల పెట్టెకూ ఆమెకూ మధ్య నలుగుతూ గుక్క పట్టింది.

“స్టిక్కర్ లేకపోయినా పర్వాలేదు. లిస్టు లేదు. వెరిఫికేషన్ లేదు. అది పేలుతుంది. నేను నీతో అబద్ధం చెప్పాను. నా కూతురి మీద ఒట్టు.”

గున్నమ్మ ఏడుపు ఆగింది. “నీకు పెళ్లే కానేదన్నావు.”

“అదీ అబద్ధమే.”

గున్నమ్మ నమ్మలేదు. తల అడ్డంగా ఊపుతూ మనవరాల్ని జోకొట్టింది. పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది. ఉష చెదిరిన కొంగు సర్దుకోవడం మరిచిపోయింది. గున్నమ్మ చూపు ఆమె జాకెట్టు మీద ఆగింది. రెండు వైపులా తడి మరకలు పెద్దవవుతున్నాయి.

నలుగురు పిల్లల్ని కన్న మనిషికి ఆ మరకలు చదవడానికి ఎవరూ నేర్పక్కర్లేదు.

“పాలు తాగే గుంటను ఒగ్గేసి వచ్చినావేటి?” అంది మెల్లగా.

“వచ్చాను.”

“ఎక్కడున్నాది?”

“కొత్తవలసలో.”

గున్నమ్మ పెట్టె తీసి ఉష చేతిలో పెట్టింది. పిల్లను గుండెకు హత్తుకుని పెరటి గుమ్మం వైపు పరుగెత్తింది.

ఉష ఇసకలో పడుతూ లేస్తూ పరుగెత్తింది. పెట్టె లోపల ఏదో గుసగుసమంటోంది. చేతులకు వెచ్చదనం తెలిసింది, తరవాత వేడి, తరవాత మంట. నడుంలోతు నీళ్లలోకి దిగి, ఉన్న బలమంతా పెట్టి విసిరి, అల కిందికి మునిగింది.

సముద్రం మీద పగలే ఇంకో పొద్దు పొడిచినట్టయింది. ఒడ్డున వరసలో ఉన్న పెట్టెలు కూడా ఒకదాని వెంట ఒకటి తెల్లగా మండాయి. అలలు వాటి మీద పడి బుసకొట్టి ఆవిరయ్యాయి. ఇసక కరిగి గాజులా గడ్డకట్టింది. ఇళ్ల కప్పుల మీద ఒక్క నిప్పురవ్వ కూడా పడలేదు.

తల పైకెత్తేసరికి తోట దగ్గర ఆడవాళ్లు చెక్కుచెదరకుండా అలాగే నిలబడి ఉన్నారు. చివరికి కూర్మమ్మే అక్కడి నుంచి కేకేసింది.

“మేడమ్, ఫొటో పడిందా నేదా? మా పేర్లున్నట్టేనా?”

“ఉన్నట్టే,” అంది ఉష. ఆ మాటతో ఆమెకు ఏడుపొచ్చింది.

సాయంత్రానికి చీఫ్ ఫోన్ చేశాడు. స్టోర్ తలుపు రెండు తాళాలూ తీసి దీపికను పట్టుకెళ్లారు. ఆమె ట్యాబ్ ఆధారంతో చేపల ఓడ వేషంలో ఉన్న పగడం ఓడను కోస్ట్‌గార్డ్ పట్టుకుంది. మిషన్ సక్సెస్ అన్నాడు. దీపికను నమ్మిన తప్పు తనదని కూడా అన్నాడు. ఆయన నోట తప్పు అన్న మాట వినడం ఉషకు అదే మొదలు. కానీ దానితో తన వంతు ఏమీ తగ్గినట్టు లేదు. రాత్రి రైలుకు కొత్తవలస వెళ్లిపొమ్మని, వారం సెలవని, ఎవరికీ ఏమీ చెప్పవద్దని, అసలు పేరు బయటపెట్టిన ఏజెంటుకు ఈ డెస్క్‌లో మరో పని ఉండదని గుర్తుచేసి పెట్టేశాడు.

ఉష చేతులకు కొబ్బరినూనె పూసి గుడ్డ కట్టింది గున్నమ్మే. ఒడ్డున పడవ నీడలో ఇద్దరూ కూర్చున్నారు. కొంచెం దూరంలో జోగయ్య చేపలు దించుతున్నాడు. తాను లేని పూట ఇంత జరిగిందని ఒకటే గొణుగుడు. మనవరాలు గున్నమ్మ ఒళ్లో నిద్రపోయింది.

“నమ్మొచ్చని చెప్పాను నీతో,” అంది ఉష. “ఆ రోజు నాకు అనుమానం ఉంది. ఉన్నా చెప్పాను.”

కాదమ్మా, పోనీలే అంటుందేమోనని ఎదురుచూసింది. గున్నమ్మ అలాంటి మనిషి కాదు.

“తప్పే,” అంది. “సానా తప్పు. నా మనవరాలు కాలిపోయుండును. నీకు జన్మంతా గుర్తుంటాది.” ఉష చేతికి కట్టిన గుడ్డ ముడి ఊడితే మళ్లీ బిగించింది. “బేగి ఇంటికెల్లి పిల్లకు పాలియ్యి. పాలు నిలవుండిపోతే గడ్డలు కట్టేస్తాయి.”

ఉష లేచింది. రెండడుగులు వేసి ఆగింది. గాలిలో చేపల వాసన, కాలిన ఇసక వాసన. ఈ మనిషిని ఇంకొక్క అబద్ధంతో వదిలి వెళ్లడం తన వల్ల కాదనిపించింది. ఉద్యోగం పోతే పోయింది.

“గున్నమ్మా, నా పేరు పద్మకుమారి కూడా కాదు. ఉష.”

గున్నమ్మ ఆ పేరును నోట్లో అటూ ఇటూ తిప్పి చూసి మొహం చిట్లించింది.

“అది మా తోటికోడలి పేరు. దానికీ నాకూ పడదు. నువ్వు పద్మమ్మగానే ఉండిపో.”